పిట్ట కొంచెం, కూత ఘనం

చిన్న వస్తువు చేతికి సులభంగా లొంగుతుందని అనుకోవడం మానవ సహజం. పిల్లలకు చిన్న సైకిలు కొంటాము, వంట నేర్చుకునేవారికి చిన్న కత్తి ఇస్తాము. పిస్తోలు విషయంలో మాత్రం ఈ లెక్క తలక్రిందులవుతుంది. జేబులో ఇమిడిపోయే పిస్తోలును మోయడం ఎంత తేలికో, దానితో గురి తప్పకుండా కాల్చడం అంత కష్టం.

ఇటీవల మా రైఫిల్ క్లబ్బు రేంజిలో, కొత్తగా వచ్చిన ఒక చిన్న .32 బోరు పిస్తోలును కాల్చి చూసే అవకాశం నాకు కలిగింది. మన దేశంలో 9 మి.మీ. పిస్తోళ్లు నిషిద్ధ శ్రేణిలో ఉన్నందువల్ల, ఆత్మరక్షణకై లైసెన్సు పొందిన పౌరుడు సాధారణంగా కొనేది .32 బోరునే.

చేతిలోకి తీసుకోగానే ఆ పిస్తోలు ముచ్చట గొలిపింది. బరువు అర కిలోకు కాస్త పైన. మూలలు నునుపు, బట్టలకు తట్టుకునే మొనలేవీ లేవు. అయితే పిడి పొట్టిది కావడం వల్ల చిటికెన వ్రేలికి చోటు చాలక, అది పిడి క్రింద గాలిలో నిలిచింది. తూటాను గొట్టంలోకి ఎక్కించడానికి పైభాగాన్ని వెనుకకు లాగినప్పుడు, లోపలి స్ప్రింగు ఎంత బిగువైనదో వ్రేళ్లకు తెలిసివచ్చింది. ఇటువంటి పిస్తోళ్లలో అధిక భాగం ఆ స్ప్రింగు బిగువు మీదా, పైభాగం బరువు మీదా ఆధారపడి పనిచేస్తాయి. పైభాగం చిన్నదైనకొద్దీ స్ప్రింగు గట్టిదై ఉండాలి.

పది మీటర్ల దూరంలో కాగితపు లక్ష్యం. మొదటి తూటాకే పిస్తోలు అరచేతిలో ఎగిరిపడింది. ప్రతి తూటా తరువాతా పట్టును మళ్లీ సవరించుకోవలసి వచ్చింది. ఐదు తూటాల గుర్తులు అన్నం పళ్లెమంత వెడల్పున చెదిరాయి. అదే చేతితో, అదే దూరంలో, నాకు అలవాటైన .22 క్రీడా పిస్తోలుతో కాల్చిన ఐదూ ఒక కాఫీ గ్లాసు మూతి కింద ఇమిడాయి.

ఈ తేడాకు కారణాలు మూడు. మొదటిది బరువు. తూటా ముందుకు పోయే వేగానికి ప్రతిగా తుపాకి వెనుకకు తన్నుతుందన్నది న్యూటన్ సూత్రమే. తుపాకి ఎంత తేలికైతే ఆ తాపు అంత చురుకు. రెండవది గురి చూసే మొనకూ, గాడికీ మధ్య దూరం. క్రీడా పిస్తోలులో అది 22 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు; చిన్న పిస్తోలులో సుమారు 12. మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల దూరాన మొదటి దానిలో నాలుగున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. రెండవ దానిలో ఎనిమిది దాటుతుంది. మూడవది ట్రిగ్గరు. 25 మీటర్ల పోటీ పిస్తోలు ట్రిగ్గరుకు కనీసం ఒక కిలో బలం ఉండాలని నియమం. జేబు పిస్తోలులో, భద్రత కోసం, అది రెండు కిలోలను మించడం మామూలే. అంటే పిస్తోలు బరువుకు మూడు, నాలుగింతల బలంతో వ్రేలు నొక్కాలి. నొక్కేటప్పుడు పిస్తోలు కదలరాదు!

వీటన్నిటికీ తోడు ఉలికిపాటు. తాపుకు జడిసిన చేయి, తూటా వెడలే ముందే క్రిందికి వంగుతుంది. దీనిని పట్టుకోవడానికి శిక్షకుల వద్ద ఒక పాత ఉపాయం ఉంది. కాల్చేవారికి చెప్పకుండా తూటాల నడుమ ఒక ఉత్తుత్తి తూటా పెడతారు. అది పేలదు, అయినా పిస్తోలు ముక్కు క్రిందికి వాలుతుంది. రోగం బయటపడుతుంది.

ఈ విషయాలు ఆటకు మాత్రమే సంబంధించినవి కావు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరం తరువాత, 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం మహిళల కోసమని 'నిర్భీక్' అనే .32 రివాల్వరును విడుదల చేసింది. టైటానియం మిశ్రలోహంతో చేసిన దాని బరువు సుమారు 500 గ్రాములు, విడుదలనాటి ధర లక్షా ఇరవై వేల పైమాట. తేలికదనమే దాని ఆకర్షణ. కాని సాధన లేని చేతికి తేలికైన తుపాకి కఠినమైన గురువు. భయంతో కొని, బీరువాలో దాచి, అవసరం వచ్చిన రాత్రి మొదటిసారి పేల్చే తుపాకి ఎవరిని రక్షిస్తుంది? గొట్టం పొట్టిది గనుక మణికట్టు కాస్త తిరిగినా అది పక్కనున్న మనిషి వైపు చూస్తుంది. ట్రిగ్గరు మీద వ్రేలు చివరి క్షణం దాకా పెట్టకూడదనే నియమం ఇక్కడ మరింత కఠినంగా పాటించాలి.

2016 ఆయుధ నియమాలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను విధించాయి. అది ఆరంభమే గాని అభ్యాసం కాదు. పైగా లైసెన్సు మీద దొరికే తూటాలకు పరిమితి ఉంది. వాటి ధరా తక్కువ కాదు. అందువల్ల ఏళ్ల తరబడి ఒక్క తూటా కాల్చనివారు ఎందరో.

కొనదలచినవారు ముందు క్లబ్బులో చేరి, పెద్ద పిస్తోలుతో చేయి కుదుర్చుకుని, ఆ తరువాత చిన్నదానిని పట్టి చూడాలి. చిటికెన వ్రేలికి చోటుందా, పైభాగాన్ని తడబడకుండా లాగగలరా, ఐదు తూటాలు ఒక పళ్లెంలో పడుతున్నాయా అన్నవి అంగడిలో కాదు, రేంజిలో తేలాలి. నెలకొకసారైనా అక్కడికి వెళ్లే తీరిక లేనివారు, ఆ సొమ్ములో కొద్ది భాగంతో వీధి తలుపుకు గట్టి గడియ పెట్టించుకోవడం మేలు.