పాతకాలపు అందం, పాట కమ్మదనం - సౌండ్ బాక్సులు మనమే బిగించుకుందామా?

ఈ రోజుల్లో టీవీ గోడకి ఫోటో ఫ్రేములాగా వేలాడుతోంది కదండీ! బొమ్మ పెద్దదయింది కానీ గొంతు మాత్రం చిక్కిపోయింది. అంత పల్చటి టీవీలో స్పీకరుకి చోటెక్కడిది? కింద అంచునో వెనకవైపో చిన్నచిన్నవి అమరుస్తారు. దాంతో ఇంట్లో పెద్దవాళ్ళు మాటమాటకీ "ఏమన్నాడే?" అని అడగడం, మనం విసుక్కోవడం, చివరికి వాళ్ళు చూడటమే మానేసి గదిలోకి వెళ్ళిపోవడం! పాత పాటలంటే చెవి కోసుకునేవాళ్ళకి ఆ కాస్త సంతోషమూ దూరమవుతుందంటే బాధే కదా.

అందుకే విడిగా ఒక జత సౌండ్ బాక్సులు ఉంటే బాగుంటుందనిపిస్తుంది. ఇప్పుడు చెక్కపెట్టె, ముందు గుడ్డతో పాతకాలం తరహావి మళ్ళీ వస్తున్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి గానీ ధర వింటే గుండె గుభేలుమంటుంది. అయితే విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకునే దారి ఒకటుంది. ఇది కొత్త సంగతేమీ కాదండోయ్!

నేలమాళిగలో మొదలైన కంపెనీ

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలో గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన ఉండేవారు. బట్టల వ్యాపారం చేసిన మనిషి. సంగీతమంటే ప్రాణం. 1932లో తన ఇంటి నేలమాళిగలోనే స్పీకర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. అదే వార్ఫ్‌డేల్ కంపెనీ. 1965లో ఆ కంపెనీ తెచ్చిన లింటన్ అనే మోడల్‌ని అదే పోలికతో 2019లో మళ్ళీ విడుదల చేశారు. 1970ల్లో ఆ కంపెనీయే పెట్టె లేకుండా లోపలి సామాను మాత్రం కిట్‌గా అమ్మింది. పెట్టె కొన్నవాళ్ళే చేసుకోవాలన్నమాట.

అమెరికాలో 1954లో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన ఇంకో మేలు చేశారు. అంతకుముందు గంభీరమైన శబ్దం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. ఆయన గాలి చొరబడకుండా పెట్టెని మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నారు. దాంతో అల్మారాలో పట్టే పెట్టె నుంచి కూడా మృదంగం నిండుగా వినపడే వీలు కలిగింది.

లోపల ఏముంటుంది?

భయపడాల్సిందేమీ లేదు. పెద్ద గొంతుకి ఊఫర్, సన్న గొంతుకి ట్వీటర్, ఎవరి వాటా వాళ్ళకి పంచడానికి క్రాసోవర్ అనే చిన్న పలక - అంతే. మనం పిండిని జల్లించి మెత్తనిది ఒకవైపు, బరకది ఒకవైపు తీస్తాం చూడండి, క్రాసోవర్ పని అదే. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోయేలా లెక్కకట్టిన కిట్ కొనడమే మంచిది. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కొని జతచేస్తే పొత్తు కుదరదు. మన హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల వైర్లు, టెర్మినళ్ళు వంటి చిల్లర సామాను దొరుకుతుంది.

పెట్టె కూడా ఒక పాత్రే!

కిట్ కాగితం మీద పెట్టె ఎన్ని లీటర్లో రాసి ఉంటుంది. గిన్నె కొలతలాంటిదే. లోపల 20 సెంటీమీటర్ల వెడల్పు, 20 లోతు, 30 ఎత్తు ఉంటే 12 లీటర్లు. వడ్రంగికి చెప్పేటప్పుడు "ఇవి లోపలి కొలతలు" అని గట్టిగా చెప్పండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడితే బయటి వెడల్పు, లోతు, ఎత్తు ఒక్కొక్కటీ 3.6 సెంటీమీటర్లు పెరుగుతాయి. టేకు అక్కర్లేదు. ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అతికించి పాలిష్ పెడితే చాలు. మొత్తం టేకుతో చేయిస్తే కూలితో కలిపి రెడీమేడ్ ధర దాటిపోవచ్చు. కిట్, చెక్క, కూలి, పాలిష్ - ముందే కాగితం మీద కూడుకోండి.

అతుకుల్లో సందులుండకూడదు. ఫెవికాల్ నిండుగా పెట్టించండి. పాట పెట్టి, తడిచేసిన వేళ్ళు అతుకుల దగ్గర ఉంచితే గాలి తగిలిన చోట సందు ఉన్నట్టు. కొన్ని మోడళ్ళలో కావాలనే ఒక గొట్టం పెడతారు. దాన్ని మాత్రం మూయకండి, పొడవు మార్చకండి. లోపల దూది వద్దు, చెమ్మ పీలుస్తుంది. దిండ్లలో పెట్టే ఫైబర్ చెప్పినంతే పెట్టండి.

పెన్సిల్ సెల్ పరీక్ష

వైర్లు ఎర్రది ఎరుపుకి, నల్లది నలుపుకి కలపాలి. సరిచూడటం సులువు. పెట్టె వెనక టెర్మినళ్ళకి 1.5 వోల్టుల సెల్ క్షణంసేపు తాకించండి. ప్లస్‌ని ఎరుపుకి తాకిస్తే ఊఫర్ ముందుకి కదలాలి. రెండు పెట్టెలూ ఒకేలా కదలాలి. ఒకటి తిరగబడితే డోలు, తబలా పేలవంగా వినిపిస్తాయి. ట్వీటర్‌కి మాత్రం సెల్ నేరుగా తగిలించకండి.

ఈ పెట్టెల్లో కరెంటు ప్లగ్గు ఉండదు కాబట్టి బిగించేటప్పుడు షాక్ భయం లేదు. పాడించే యాంప్లిఫయర్‌ని మాత్రం రెడీమేడ్‌గానే కొనండి. దాని వెనక రాసిన ఓమ్స్ అంకెకంటే తక్కువ ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే వేడెక్కిపోతుంది.

ఇల్లాలి చిట్కాలు

ముందు వేసే గుడ్డని నోటికి అడ్డం పెట్టి ఊదండి. గాలి సాఫీగా వెళ్తే పాటా వెళ్తుంది. వెల్వెట్ పనికిరాదు. ట్వీటర్ మనం కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి. గది మూలకి నెట్టేస్తే మాట బొంగురుపోతుంది. పసిపిల్లలుంటే గుడ్డ ఫ్రేము తియ్యొద్దు, ట్వీటర్‌ని వేలితో నొక్కేస్తారు!

నిజంగా పాతవే చవకగా వస్తున్నాయని ఎవరైనా అంటే, ఊఫర్ అంచుని కళ్ళారా చూడండి. నురుగులాంటి ఫోమ్ అంచు ఏళ్ళు గడిస్తే మన ఎండకి, ఉక్కకి పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు, గుడ్డ అంచులు ఎక్కువకాలం ఉంటాయి. చెక్కకి చెద ఉందేమో కూడా చూసుకోండి.

సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ పని పెట్టుకోండి. స్క్రూలు వాళ్ళు బిగిస్తారు, గుడ్డ మీరు లాగి కొట్టండి. తయారయ్యాక మొదటి పాట ఏది పెట్టాలో మాత్రం అత్తగారినో, మామగారినో, అమ్మనో అడగండి. గదిలోకి వెళ్ళిపోయినవాళ్ళు హాల్లోకి వచ్చి కూర్చుంటే అంతకంటే ఏం కావాలి!