హైవే కోసం రాసిన రూలు, కొండెక్కే బండి



బీఎస్-6 రూలు చెడ్డదని నేను అనను. నరసన్నపేట దగ్గర హైవే మీద లారీ వెనకాల బైకు నడిపినోళ్లకి డీజిల్ పొగంటే ఏటో వేరే చెప్పక్కర్లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్లే అమ్మాలన్నారు. బీఎస్-5 వదిలేసి బీఎస్-4 నుంచి ఒకేసారి దూకేశారు. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దించారు. అది అవసరమే.

కానీ ఆ బండి ఏ రోడ్డు మీద నడుస్తుందో ఆలోచించారా?

కొత్త డీజిల్ బళ్లలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. బండి ఆగకుండా కాసేపు ఒకే స్పీడులో పోతే ఆ వేడి వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ పోయే లారీకి ఇది సమస్యే కాదు. మెళియాపుట్టి, పాతపట్నం కొండల్లో ప్యాసింజర్లని ఎక్కించుకునే జీపు సంగతేటి? ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతుంది, కానీ ఆ వేడి నిలవదు. దిగేటప్పుడు, మలుపు మలుపుకీ ఆగేటప్పుడు చల్లారిపోతుంది. మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, బండి పికప్ పడిపోతుంది. ఊరి మెకానిక్ స్పానర్ పట్టుకుని చేసేదేమీ ఉండదు, స్కానర్ కావాలి. ఫిల్టరే మార్చాల్సి వస్తే పదుల వేలల్లో ఖర్చు. ఆ రోజు బాడుగ పోయినట్టే, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

కొన్ని బళ్లకి డీఈఎఫ్ కూడా పోయాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలే కదా, అదే కలిపేద్దామని కొందరికి బుద్ధి పుడుతుంది. వద్దు బాబూ. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది, సిస్టమే పాడైపోతుంది. 2021లో చైనా యూరియా ఎగుమతులు బిగించేసరికి దక్షిణ కొరియాలో ఈ ద్రవం దొరక్క లారీలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అంత పెద్ద దేశానికే తప్పలేదు.

అందుకే మనోళ్లు పాత జీపుని వదలరు. కొత్తది ఖరీదూ ఎక్కువ, బాగుచేయించడమూ కష్టం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదంటే అవి మిగతా రాష్ట్రాల సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి చేరాయి. మన రాష్ట్రంలోనే చూడండి, బీఎస్-3 లారీలని తుక్కు కింద కొని నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించారని 2020లో అనంతపురంలో పెద్ద కేసు నడిచింది. డబ్బున్నోడికి దొడ్డిదారి దొరుకుతుంది. మనకి మిగిలేది పాత బండి, పాత పొగ. ఆ జీపులోనే టాప్ మీద అనాసకాయలు, లోపల చంటిపిల్లలు.

రూలు తీసేయమని అడగొద్దు. సీతంపేట ఐటీడీఏకి ఇచ్చే వినతిపత్రంలో రెండు మాటలు రాద్దాం. ఒకటి, ట్రైకార్ లోను మీద డీజిల్ బండి ఇస్తే కిస్తీలు తీరేదాకా డీపీఎఫ్ సర్వీసు ఖర్చు కూడా ఆ స్కీములోనే ఉండాలి. రెండు, ఐటీఐ చదివిన మన కుర్రోళ్లకి బీఎస్-6 స్కానర్ మీద ట్రైనింగ్ ఇచ్చి, కొత్తూరులోనో పాతపట్నంలోనో షెడ్డు పెట్టించాలి. డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేసి ఖాళీగా ఉన్నోళ్లు ఈ పోస్టు కింద పేరు, మండలం రాయండి.