అనిర్వాచ్యమును, ఆలోచనయు

“తత్త్వము వాక్కునకు అందనిది, కావునఁ బ్రశ్నింపరాదు” అనువారు అన్ని కాలములందును గలరు. ఇందు మొదటిమాట నిజమైనను, రెండవది దానినుండి సిద్ధింపదని మా వాదము. గ్రీకు తత్త్వవేత్తయగు దమాస్కియుసు చరిత్రయే యిందుకుఁ బ్రమాణము.

ఇతఁడు ఏథెన్సునందలి ప్లేటోమతస్థుల విద్యాపీఠమునకుఁ దుది యధ్యక్షుఁడు. 529వ సంవత్సరమున జస్టీనియను చక్రవర్తి అచ్చటి తత్త్వబోధనను నిషేధింపఁగా, సహచరులతోఁ బారసీకప్రభువగు ఖుస్రూను ఆశ్రయించెను. 532వ సంవత్సరపు సంధి పిమ్మట మరలి వచ్చెను.

మూలతత్త్వములను గూర్చిన ఇతని గ్రంథము ఒక చిక్కుప్రశ్నతోనే మొదలగును: సర్వమునకు మూలమైనది సర్వములోనిదా, వెలుపలిదా? లోనిదైనచో అది సర్వమునందు ఒక భాగమగునేకాని మూలము కాదు. వెలుపలిదైనచో, దానిని విడిచిన మిగులును సర్వమనుట యెట్లు? ప్లొటైనసు ‘ఏకము’ను అన్నిటికిని మీఁద నిలిపెను. ప్రోక్లసు నిషేధములను సైతము విడిచి తుదకు మౌనము వహింపవలెననెను. దమాస్కియుసు ఇంకను ముందునకుఁ బోయెను. ఏకమన్నచో అనేకమును, కారణమన్నచోఁ గార్యమును వెంటవచ్చును. కావున ఆ పేరులును దానికిఁ జెల్లవు. ‘అనిర్వాచ్యము’ అనుమాటయు దానిని దెలుపదు. దానియెడల మనబుద్ధికిఁ గలిగిన యవస్థను మాత్రమే తెలుపును.

ఇది గ్రీకుబుద్ధి డస్సి కూలిన చిహ్నమని కొందఱందురు. డస్సినవాఁడు అడుగడుగునను ఆక్షేపించుకొనుచు, సమాధానములు వెదకుచు అంతటి గ్రంథమును వ్రాయునా? మఱికొందఱు దీనిని మన యుపనిషత్తుల నిషేధరీతితోఁ బోల్చి, “తర్కము వ్యర్థమని వారును ఒప్పుకొనిరి” అని సంతసింతురు. పోలిక కలదు, ఆ సిద్ధాంతము మాత్రము రెంటను లేదు. బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుఁడు అతిప్రశ్న వలదని గార్గిని వారించెను. ఆమె యంతటితో ఊరకుండక, మరల సభలో లేచి రెండుప్రశ్నలడిగెను. అక్షరమును గూర్చిన యుపదేశము ఆ ప్రశ్నల ఫలమే.

వాక్కునకు ఎల్ల కలదని వాక్కుచేతనే తెలియవలసి యున్నది. ఆలోచించి ఆలోచించి అచ్చటికిఁ జేరినవాని మౌనము వేఱు. ఆలోచింపనివాని మౌనము వేఱు. ‘మాటలకు అందనిది’ అని యొరుల నోరు మూయించువాఁడు తత్త్వమును గూర్చి యేమియుఁ జెప్పుట లేదు; తన యవస్థనే చెప్పుచున్నాఁడు. పైఁగా మౌనమును ఒరులకు విధించి, తాను మాత్రము శాసించుచునే యున్నాఁడు.

కావున మన యిండ్లలో స్త్రీలుగాని బాలురుగాని దైవమును గూర్చి యడిగినపుడు ఈ మాటతోఁ ద్రోసిపుచ్చుట జ్ఞానము కాదు, సోమరితనము. మాట యెంతవఱకుఁ బోవునో అంతవఱకును వారితోఁ గూడ విచారింపవలయును.