సంతకం ఆమెది, హక్కు ఎవరిది?

స్త్రీల శ్రమ గురించి మాట్లాడేటప్పుడు మనం పొలం, ఫ్యాక్టరీ, వంటిల్లు దాకా వచ్చి ఆగిపోతుంటాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసే అమ్మాయికి జీతం బాగానే వస్తుంది కదా, ఆమెకేం కష్టం అనే ధోరణి మన సంఘాల్లోనూ ఉంది. ఆ జీతం కోసం ఆమె ఏమేం రాసిచ్చి వస్తోందో కూడా మనం చూడాలంటాను.

ప్రోగ్రాం రాతను దాచిపెట్టకుండా, ఎవరైనా చదివి, దిద్ది, పంచుకునేలా విడుదల చేసే పద్ధతిని ఓపెన్ సోర్స్ అంటారు. లైనక్స్ అలా తయారైందే. ఇందులో ఎవరైనా చెయ్యి వెయ్యవచ్చంటారు గానీ, వేసే ముందు ఒక హామీ ఇవ్వాలి. 2003లో ఎస్సీఓ అనే కంపెనీ, తమ యూనిక్స్ కోడ్‌ను లైనక్స్‌లో కలిపారంటూ అమెరికాలో ఐబీఎం మీద దావా వేసింది. ఆ గొడవ దరిమిలా 2004లో లైనస్ టోర్వాల్డ్స్ ఒక నియమం పెట్టాడు. పంపే ప్రతి మార్పు కిందా 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు, ఈమెయిల్ రాయాలి. 'దీన్ని ఇచ్చే హక్కు నాకుంది' అని దాని అర్థం. కొన్ని గ్నూ ప్రాజెక్టులైతే కాపీరైట్‌నే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు రాసిమ్మంటాయి, దీనిమీద మాకు హక్కు లేదని యజమాని చేత కూడా కాగితం రాయించుకు రమ్మంటాయి.

ఈ హామీ అడగడం తప్పని నేననను. ఎవరిదో సరుకు కలిస్తే రేపు ఇబ్బంది పడేది దాన్ని నమ్ముకుని వాడుకునేవాళ్లే. కానీ ఉద్యోగం చేసే స్త్రీ ఆ మాట ధైర్యంగా అనగలదా?

మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే అంటుంది 17వ సెక్షన్. 'ఉద్యోగంలో భాగంగా' అన్న మాటకు ఒక హద్దుంది. నియామక పత్రాలు రాసే లాయర్లు ఆ హద్దును చెరిపేస్తున్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఏ వేళ ఏది రాసినా కంపెనీదేనని రాసి, చేరే రోజే సంతకం పెట్టించుకుంటున్నారు. నాకు తెలిసిన ఒకమ్మాయి, తెలుగు అక్షరాలు సరిగా కనిపించని ఒక ప్రోగ్రామును తన ఇంట్లో, తన కంప్యూటర్ మీద బాగుచేసింది. పంపడానికి అనుమతి అడిగితే, ఆఫీసులో నీకు పని తక్కువైందా అన్నారు. ఆ దిద్దుబాటు ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆ తీరిక ఆమెకు ఎలా దొరికిందో కూడా చూడాలి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. సంసారం తినగా మిగిలిన ఆ గంటా అరగంటను కూడా కంపెనీ తన ఖాతాలో రాసుకుంటోందన్నమాట! అదే కంపెనీకి అవసరమైతే జీతమిచ్చి మరీ తన ఉద్యోగుల చేత లైనక్స్‌కు పని చేయిస్తుంది. అప్పుడు అనుమతి దానంతటదే వస్తుంది.

సంతకంలో ఇంకో చిక్కుంది. ఆ పేరు, ఈమెయిల్ బహిరంగ రికార్డులో నిరవధికంగా ఉంటాయని హామీపత్రంలోనే రాసి ఉంది. విడిపోయిన భర్త వెతుకుతుంటే, ఎవడో వెంటపడి వేధిస్తుంటే, ఆ స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. లైనక్స్ మారుపేర్లను ఒప్పుకోకపోవడం 2023 దాకా సాగింది. ఇప్పుడు పదిమందికీ తెలిసిన పేరైతే చాలంటున్నారు, అనామకంగా మాత్రం కుదరదు. గిట్‌హబ్ 2017 సర్వేలో జవాబిచ్చినవారిలో స్త్రీలు 3 శాతమే. అందుకు కారణం ఈ సంతకమొక్కటే అనడం అతిశయోక్తి అవుతుంది. కానీ కాన్పు తర్వాత మళ్లీ ఉద్యోగం వెతుక్కునే స్త్రీకి, ఇదిగో నేను చేసిన పని అని చూపడానికి ఈ బహిరంగ రికార్డు ఒక ఆధారం. అది ఆమెకు అందకుండా పోతోంది.

సొంత వేళలో, సొంత సాధనాలతో చేసినదాన్ని యజమాని రాయించుకున్నా చెల్లదని కాలిఫోర్నియా కార్మిక చట్టం 2870వ సెక్షన్ చెబుతోంది. యజమాని వ్యాపారానికి సంబంధించినవాటికి మినహాయింపు ఇచ్చింది, అది పెద్ద కన్నమే. అయినా మన కాపీరైట్ చట్టంలో ఆపాటి రక్షణ కూడా విడిగా లేదు. ప్రసూతి సెలవు, రాత్రి షిఫ్టు రవాణాలతో పాటు దీన్ని కూడా మన డిమాండ్ల పట్టికలో చేర్చాలి. అనుమతి అడిగితే ఇన్ని రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టేనని రాయించాలి. 'వేరే ఒప్పందం లేకపోతే' అని చట్టమే అంటోంది కాబట్టి, ఆ ఒప్పందం అడగడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

పనిలో పనిగా మన సంస్థల నియామక పత్రాలు కూడా తీసి చూద్దాం. కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు రాసే కార్యకర్తకు ఆ రాతమీద ఏం హక్కుందో నేను చూసిన రెండు మూడింటిలో ప్రస్తావనే లేదు. ప్రస్తావన లేకపోతే వర్తించేది ఆ 17వ సెక్షనే.