ఓడ కిరాయి ఎవరిది, తల ఎవరిది?



ఉగాది వస్తే చాలు, మన గ్రూపులో ఆ ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. తెలుగువాళ్లు రెండొందల ఏళ్ల కిందే ఓడలెక్కి మారిషస్ చేరారట, అక్కడ ఉగాదికి సర్కారు సెలవట. సెలవు మాట నిజమే. కానీ ఓడలో ప్రయాణం చేయడం వేరు, ఓడలో సరుకుగా పోవడం వేరు. మనవాళ్లు పోయింది రెండో రకంగా.

మారిషస్ దీవి. ఏది రావాలన్నా, ఏది పోవాలన్నా ఓడే దిక్కు. అక్కడి ఓడ వ్యాపారం అంతా చక్కెర చుట్టూ తిరిగింది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు కరువయ్యారు. దాంతో ఇండియా నుంచి బియ్యంతోపాటు కూలీలనూ దింపేవారు, చక్కెర ఎక్కించుకుని పోయేవారు. మోసాలు బయటపడి 1839లో కూలీల రవాణా ఆపేశారు. తోటలవాళ్లు ఊరుకుంటారా? 1842లో మళ్లీ తెరిపించారు. మొత్తం మీద పోర్ట్ లూయీ రేవులో దాదాపు ఐదు లక్షల మంది దిగారు. కాకినాడ పక్కన కోరంగి రేవు పేరే అక్కడ తెలుగువాళ్ల పేరైపోయింది. మనిషి పేరు పోయి నంబరు, రేవు పేరు మిగిలాయన్నమాట.

ఓడవాడికి తలకింత అని ముట్టింది, కూలీలను పోగుచేసిన మధ్యవర్తికి ముట్టింది. తోటకు చేరాక ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. తిరిగి రావడానికి ఉచిత ప్రయాణం ఉండేది, 1850ల్లో అదీ తీసేశారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనం బానిసలం కాము, విమానంలో వచ్చాం, ఫోన్ చేతిలో ఉంది. ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట ఆలోచించండి. ఆనాటి కూలీ ఓడ టికెట్టు చేతి డబ్బుతో కొనుక్కోలేదు, తోటలవాళ్లో అక్కడి సర్కారో కట్టింది. మరి మనం? ఎల్‌ఎంఐఏ పేరు చెప్పి అడిగినంతా పొలం తాకట్టు పెట్టి మనమే కట్టాం. పర్మిట్ మీద ఒకే యజమాని పేరు. నోరెత్తితే ఉద్యోగం, దాంతోపాటు దేశం పోతుందని భయం. పైగా ఆ ఏజెంటుకే పండక్కి స్వీట్ బాక్స్ పట్టుకెళ్తాం, "మనోడే కదా" అని. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆనాడు పోగుచేసినవాడూ మనోడే!

"కంప్లైంట్ చేస్తే ఏమవుతుందిలే" అనేవాళ్లకు ఒక సంగతి. 1871లో మారిషస్‌లో పాత కూలీలు 9,401 మంది ఒక అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తెల్లాయన సాయం చేశాడు. ఆయన్ని నడిరోడ్డు మీద కొట్టారు కూడా. కానీ మరుసటి ఏడాదే లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది. చదువు రానివాళ్లు చేసిన పని అది. మనలో ఎంటెక్‌లు ఉన్నారు.

ఇక్కడ కిచెనర్‌లో మనకు వర్తించే చట్టం ఉంది. ఒంటారియోలో 2015 నవంబర్ నుంచి, విదేశీ కార్మికుడెవరి దగ్గరా ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటు డబ్బు తీసుకోకూడదు. యజమాని మీ పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు. కట్టిన డబ్బు కోసం మూడున్నరేళ్లలోపు కార్మిక శాఖకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. యజమాని వేధిస్తుంటే, ఒకే యజమానికి కట్టిపడేసిన పర్మిట్ ఉన్నవాళ్లు ఓపెన్ పర్మిట్ అడగొచ్చు, 2019 నుంచి ఆ దారి ఉంది. దానికి ఫీజు లేదు.

కాబట్టి ఈసారి ఆ ఉగాది ఫార్వర్డ్ పంపేముందు ఏజెంటుతో మీ చాట్‌లు వెతకండి. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, ఊళ్లో నాన్నగారు చేసిన బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కాగితం, పే స్టబ్‌లు అన్నీ ఒకచోట పెట్టండి. ఫోన్ మార్చేవాళ్లు ముందు బ్యాకప్ తీసుకోండి. ఏజెంటు "ఆ మెసేజ్‌లు డిలీట్ చేసెయ్ తమ్ముడూ" అంటే, ఆ మాట కూడా స్క్రీన్‌షాట్ తీయండి.