తాకట్టు విడిపించింది ఆడోళ్లే

మన వాడలో విగ్రహం పెట్టాలంటే చందాలు ఎత్తుతం. మన పెద్దలు మసలిన ఇల్లు కూలుతుంటే మాత్రం "సర్కారు చూసుకోవాలె" అంటం. అమెరికా నల్ల ఆడోళ్లు అట్ల చేతులు కట్టుకు కూర్చోలేదు.

ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వం మీద జీవితమంతా పోరాడిన మనిషి. 1877లో వాషింగ్టన్‌లో గుట్ట మీద ఇల్లు కొన్నాడు. 1895లో పోయాడు. వీలునామా కోర్టులో నిలవలేదు. ఇల్లు చెయ్యి జారకుండా భార్య హెలెన్ తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. 1903లో ఆమె కూడా పోయింది. అప్పు మిగిలింది.

1916లో నల్లజాతి మహిళల జాతీయ సంఘం ఆ బరువు నెత్తికెత్తుకున్నది. అధ్యక్షురాలు మేరీ టాల్బర్ట్. చందాలు పోగుచేశారు. మేడం వాకర్ 500 డాలర్లు ఇచ్చింది. ఈమె తల్లిదండ్రులు బానిసలు. ఏండ్ల తరబడి పరుల బట్టలుతికి, తర్వాత తలనూనెల వ్యాపారంలో ఎదిగింది. (చాకిరేవు తెలిసిన అక్కచెల్లెళ్లు ఈ మాట రెండుసార్లు చదవాలె.) 1918 మహాసభలో తాకట్టు కాయితాన్ని అందరి ముందే కాల్చేశారు. ఇల్లు బాగుచేసి 1922లో జనానికి తెరిచారు. సర్కారు చేతికి పోయింది ఎప్పుడనుకున్నరు? 1962లో!

నేను అక్షరాలు దిద్దిన మా వాడ రాత్రిబడి గది కప్పు నిరుటి వానలకు కూలింది. దొర మనవడు కట్టిస్తడట, గోడమీద తాతపేరు రాయాల్నట. మన పెద్దమనుషులు కొందరు తలూపుతున్నరు. నేను ఒప్పుకోను. ఆ తాత మనల్ని బడి గడప తొక్కనిచ్చిండా? ఇంటికి ఒకరోజు కూలి చాలు. ఆదివారం పొద్దున లెక్కల పుస్తకం పట్టుకొని ఆ గది ముందే కూసుంట. ముందు ఆడోళ్లను రమ్మంటున్న.