గ్యాసేలేరా!

మా పల్నాడులో ఛాతీలో ఏ కాస్త పట్టేసినా డాక్టర్ కంటే ముందు ఇంట్లోవాళ్లే జబ్బు పేరు చెప్పేస్తారు. గ్యాస్! మందు కూడా రెడీ, నిమ్మకాయ సోడా. పండుమిరప పచ్చడి, గోంగూర లేనిదే ముద్ద దిగని ఊళ్లు కదా, చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. ఇబ్బందల్లా మిగతా సార్లతోనే. ఐదేళ్ల కిందట మా పెదనాన్న అలాగే సోడా తాగి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు.

అందుకే ఈ ఫిబ్రవరిలో నాకు ఎడమవైపు రొమ్ములో పోటు మొదలయ్యేసరికి నిద్ర పట్టలేదు. మిర్చి పనులకని హైదరాబాద్ నుంచి గురజాల దగ్గర మా ఊరొచ్చా. వయసు 27. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడిచినట్టుంది. అర్ధరాత్రి ఫోన్ తీసి వెతికితే ఏం కనిపిస్తాయో మీకు తెలుసుగా! పునీత్ రాజ్‌కుమార్ గుర్తొచ్చాడు. 2021 అక్టోబర్ 29న, 46 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత బెంగళూరు జయదేవ ఆసుపత్రికి గుండె పరీక్షల కోసం జనం పోటెత్తారని చదివి అప్పట్లో నవ్వుకున్నా.

నాయనమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. బాబాయ్ "గ్యాసేలేరా, సోడా తాగు" అన్నాడు. నాన్న మాత్రం మాట మాట్లాడకుండా బండి తాళాలు తీశాడు. పెదనాన్న ఆయనకి సొంత అన్న.

పిడుగురాళ్లలో ఓ ఆసుపత్రికి చేరాం. బండి మీద వచ్చామని తెలిసి డ్యూటీ డాక్టరమ్మ ముందు నాన్నకి చీవాట్లు పెట్టింది. "దారిలో పడిపోతే ఏం చేస్తారు? 108కి ఫోన్ చెయ్యాలి." తిడుతూనే ఈసీజీ తీయించింది. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకి పది నిమిషాల్లోపు అది అయిపోవాలట.

నార్మల్ అనగానే చెప్పులేసుకున్నా. కూర్చోమంది. ఈసీజీ ఆ నిమిషానికి తీసిన ఫొటో మాత్రమే. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది పైకి కనిపించడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి ఒకసారి చూసి వదిలెయ్యరు, మళ్లీ చూస్తారు. ఆ రాత్రి రెండుసార్లు రక్తం తీశారు. రెండూ నార్మలే.

అప్పుడడిగింది అసలు ప్రశ్న. "ఈ వారంలో బరువులేమైనా ఎత్తావా?"

ఎత్తానా! గుంటూరు యార్డుకి వెళ్లే లారీకి ఆదివారమంతా మిర్చి టిక్కీలు ఎక్కించా. ఒక్కోటి నలభై కిలోల పైన. ఏడాదంతా ల్యాప్‌టాప్ తప్ప ఇంకేం మోయని భుజాలు. ఆవిడ రొమ్ము ఎముక పక్కన ఒక వేలితో నొక్కింది. కెవ్వుమన్నా. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసేచోట మెత్తని ఎముక వాచిందట, దాని పేరు కాస్టోకాండ్రైటిస్. మరి ఆ వేలేదో మొదటే పెట్టొచ్చుగా అన్నా. "నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన గుండె బాగుందని కాదు. ముందు ప్రాణం తీసేవి కావని తేల్చుకోవాలి" అంది.

గుండెపోటే అయ్యుంటే? మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. అంతదూరం వెళ్లేలోపు కండరం చచ్చిపోతూ ఉంటుంది. అందుకే ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలితే, అవసరమైనవాళ్లకి గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ దగ్గర్లోనే ఇచ్చి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. పెదనాన్న సంగతి తల్చుకుని నాన్న ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెప్తుంటే బాబాయ్ నవ్వలేదు. అందరూ లేచాక మెల్లగా అడిగాడు, "మరి నడిస్తే పట్టేసి, ఆగితే పోతే అదేందిరా?"

శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కుతుంటే మూడుచోట్ల ఆగాడట. నొప్పి కాదట, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. దవడ కూడా లాగింది. కాసేపు కూర్చుంటే మాయం. నొప్పి కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పైగా పదేళ్లుగా షుగర్. షుగర్ ఉన్నవాళ్లలో గుండె బాధ ఒక్కోసారి నొప్పిగా కాక ఆయాసంగానో, చెమటలుగానో, వాంతిగానో బయటపడుతుందని ఆ డాక్టరమ్మే చెప్పింది. నా పోటు కంటే ఈ బరువే భయపడాల్సింది. శ్రమ పడితే వచ్చి, ఆగితే తగ్గడం గుండె రక్తనాళాలు సన్నబడ్డాయనడానికి పెద్ద గుర్తు.

మర్నాడే నరసరావుపేట తీసుకెళ్లాం. పడుకోబెట్టి తీస్తే ఈసీజీ శుభ్రంగా ఉంది! "చూశావా, గ్యాసే" అన్నాడు. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీస్తే ఐదు నిమిషాలకే గీతలు మారాయి. డాక్టర్ టెస్టు ఆపేశారు.

గురువారం గుంటూరులో యాంజియోగ్రామ్. నేను సెలవు పెట్టా. బాబాయ్ టిక్కీలు మోయడం మానేశాడు. సోడా మాత్రం ఇంకా మానలేదు.